చెట్టుకు అవతలి వైపు

లాల్‌దర్వాజా,
హైదరాబాదు.
జూలై 31, గురువారం మధ్యాహ్నం.

సౌభాగ్యవతి గోదాకు,

నీ రంగనాథ్ అనేక ఆశీస్సులతో రాయునది. ఆశీస్సులన్న మాట చూడగానే నువ్వు నవ్వుతావని తెలుసు. ఇరవై తొమ్మిదేళ్లుగా నువ్వు నవ్వుతూనే ఉన్నావు, నేను రాస్తూనే ఉన్నాను. నేను బాగానే ఉన్నాను. నువ్వూ, నీ గురుకులంలోని నాలుగు వందల మంది ఆడపిల్లలూ బాగున్నారని అనుకుంటాను. 'ఇక్కడ అందరం క్షేమం' అని రాయడం మన అలవాటు కదా. ఈసారి ఆ 'అందరం' దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఎందుకు ఆగిందో చెబుతాను, కాస్త ఓపిక పట్టు. ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు రాస్తే నా చెయ్యి కుదుటపడుతుంది.

బీపీ మాత్ర రోజూ వేసుకుంటున్నాను. ఒక్క రోజు మరిచిపోయాను, ఆ రోజు సంగతి తర్వాత వస్తుంది. నువ్వు పెట్టి వెళ్లిన కందిపొడి అయిపోయింది, గోంగూర పచ్చడి మాత్రం సగం ఉంది. తులసి కోటలో ఎలుక తవ్విన గుంత పూడ్చాను. బోనాలకు నువ్వు లేవేమని మన గల్లీ ఆడవాళ్లందరూ అడిగారు. ఇన్‌స్పెక్షన్ ఉంది, రాలేదని చెప్పాను. అమ్మవారి ఘటం మన గడప ముందుకు వచ్చినప్పుడు నీ బదులు నేనే నీళ్లు పోశాను. సగం నా కాళ్ల మీదే పోసుకున్నాను.

ఇక నీ నాలుగో ప్రశ్న. 'నెల రోజులుగా ఒక్క పిట్ట ఫొటో కూడా పంపలేదు, కెమెరా పాడైందా, మీరు పాడయ్యారా?' అని రాశావు. కెమెరా బాగానే ఉంది గోదా.

ఇది ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటావు. చెప్పలేను. ప్రతి ఆదివారం నువ్వు ఫోన్ చేసి 'ఏంటండీ సంగతులు' అనగానే నా నోటికి 'ఏమీ లేవు' అన్న మాటే వస్తుంది. అది నా జబ్బు. కాగితం మీదైతే కొట్టేసిన ముక్క కూడా కనబడుతుంది, అందుకని కాస్త నిజం రాస్తానని ఆశ.

జహనుమాలో నవాబు వారసుల పాత తోట నీకు తెలుసు. నువ్వు రెండుసార్లు వచ్చావు. కాపలా ఉండే రజాక్ వాళ్లమ్మ షౌకత్ బీ నీకు కొంగు నిండా గోరింటాకు కోసి ఇచ్చింది. తోట మధ్యలో బావి, బావికి ఇవతల వేప, అవతల ఆ పెద్ద నిద్రగన్నేరు. నిద్రగన్నేరు కొమ్మల కిందే రజాక్ వాళ్ల రేకుల గది. వాళ్ల నాన్న కాలం నుంచి ఆ తల్లీకొడుకులు ఆ గదిలోనే ఉన్నారు. కాలేజీలో రిటైరైన నాటి నుంచి నా ఆదివారాలన్నీ అక్కడే గడిచాయి. ఇరవై ఏళ్లు పిల్లలకు పుస్తకంలో చూపించిన వడ్రంగిపిట్టను నేను సరిగ్గా చూసింది అక్కడే.

వడ్రంగిపిట్టను ఫొటో తీయడంలో ఉన్న తంటా నీకు ఎన్నోసార్లు చెప్పాను. మాను మీద వాలుతుంది, గోళ్లతో పట్టుకుని, తోకను ఊతంగా ఆనించి, మెట్లెక్కినట్టు పైకి పోతుంది. మనం కెమెరా ఎత్తగానే మానుకు అవతలి వైపు జారుకుంటుంది. మనం అటు వెళితే ఇటు వస్తుంది. మనిషి లేని వైపు ఎటో దానికి ఎప్పుడూ తెలుసు. రెండేళ్లు దాని వెనకే ప్రదక్షిణం చేశాను. ఒక రోజు రజాక్ చాయ్ గ్లాసు పక్కన పెట్టి, "సార్, మీరు ఈడనే కూసోండ్రి, నేను ఆ దిక్కు పోయి జర దగ్గుత," అన్నాడు. చెట్టుకు అవతల నిలబడి మెల్లగా దగ్గాడు. పిట్ట తీరిగ్గా నా వైపుకు వచ్చి నిలబడింది. అప్పటి నుంచి నా ఫొటోల్లో సగం రజాక్ దగ్గుతోనే తీసినవి.

ఆ ఫొటోలు పెద్దవి చేసి, నెత్తి మొత్తం ఎర్రగా ఉంటే మగది అనీ, ముందు భాగం నల్లగా ఉండి తెల్ల చుక్కలుంటే ఆడది అనీ, నడుం నల్లగా ఉంటే మన ఊళ్లో మామూలుగా కనిపించే బంగారు వీపు పిట్ట అనీ రాసి మా పిట్టల వాట్సాప్ గ్రూపులో పెట్టేవాణ్ణి. కొత్తవాళ్లు ఒకే ఒక్క ఫొటో పెట్టి 'ఇది ఏ పిట్ట సార్' అని అడిగితే కోప్పడేవాణ్ణి కూడా. ఎక్కడ చూశావు, ఎంత ఎత్తులో ఉంది, పక్కన కొలతకు ఏముంది, ఇవేవీ లేకుండా పేరు చెప్పకూడదని వాళ్లకు పాఠం చెప్పేవాణ్ణి. ఈ పాఠం గుర్తు పెట్టుకో. నేను గుర్తు పెట్టుకోలేదు.

ఈ మే నెల నుంచి ఆ నిద్రగన్నేరుకు వడ్రంగిపిట్టలు విపరీతంగా రాసాగాయి. ఎప్పుడూ ఒక జంట ఉండే చోట మూడు జంటలు. పసుపు నెత్తి వడ్రంగిపిట్ట వచ్చింది, పిచ్చుకంత ఉండే బుల్లి వడ్రంగిపిట్ట కూడా వచ్చింది. నీకు వరసగా పదకొండు ఫొటోలు పంపింది అప్పుడే. నా పాత స్టూడెంట్ అలీనా, పురానాపూల్ అమ్మాయి, ఆ గ్రూపు నడిపేది తనే, నాకు విడిగా మెసేజ్ పెట్టింది. "సార్, గిన్ని పిట్టలు ఒక్క చెట్టుకే ఎందుకు వస్తున్నయ్? చెట్టు మంచిగనే ఉందా?" అని. చెట్టుకు నేనంటే ఇష్టం అని సరదాగా జవాబు పెట్టాను. ఏప్రిల్‌లో చిగురు వేయాల్సిన చెట్టు సగం మోడుగానే ఉందన్న సంగతి నా కళ్ల ముందే ఉంది. నేను పిట్టలనే చూశాను. జంతుశాస్త్రం చెప్పినవాణ్ణి, చచ్చే చెట్టు బెరడు కింద పురుగు పడుతుందనీ, పురుగు కోసమే ఈ పిట్టలు వస్తాయనీ నాకు తెలియదా? తెలుసు. పిట్టల సంబరంలో ఆ తెలివి పక్కకు పోయింది.

జూన్ మొదటి వారంలో బాలరాజ్ ఇంటికి వచ్చాడు. మన గల్లీ చివరి బాలరాజే. ఇప్పుడు స్థలాల వ్యాపారం చేస్తున్నాడు, బోనాల కమిటీలో పెద్ద మనిషి. ఆ తోట అమ్మకం అతనే కుదుర్చుతున్నాడని నాకు అప్పటికి తెలియదు. ఫోన్ తీసి ఒక ఫొటో చూపించాడు. బెరడు, బెరడులో గుండ్రటి రంధ్రం. ఫొటో నిండా రంధ్రమే, చుట్టుపక్కల ఇంకేమీ లేదు.

"సారూ, గీ బొక్కలు ఏంది? మీ పిట్టలు కొట్టినయే గదా? జహనుమా చెట్టుయి," అన్నాడు.

"వడ్రంగిపిట్ట పనే," అన్నాను.

"మీ అసుంటి పెద్ద సారు చెప్తే ఇంకెవడన్న కాదంటడా? గదే ముచ్చట రెండు ముక్కలు రాసియ్యుండ్రి. ఆఫీసుల అడుగుతున్నరు."

రాసిచ్చాను గోదా. 'జహనుమా తోటలోని నిద్రగన్నేరు చెట్టుకు ఉన్న రంధ్రాలు వడ్రంగిపిట్టలు తొలిచినవే' అని రాసి, కింద నా పేరు, రిటైర్డ్ జంతుశాస్త్ర లెక్చరర్ అన్న హోదా, సంతకం. ఎంత ఎత్తులో ఉన్నాయని అడగలేదు. ఎంత పెద్దవని అడగలేదు. చాయ్ ఇచ్చి, పసుపు నెత్తి పిట్ట ఫొటోలు చూపించాను. అతను మెచ్చుకుంటూ చూశాడు.

ఆ కాగితం ఎందుకో జూలైలో తెలిసింది. అమ్మకానికి అడ్డం ఆ చెట్టూ, ఆ గదే. ఫిబ్రవరిలో ఒక సాయంత్రం చెట్టు దగ్గర మిషన్ చప్పుడు విన్నానని, మర్నాటి నుంచి అక్కడ యాసిడ్ వాసన వచ్చిందని రజాక్ మున్సిపల్ ఆఫీసులో దరఖాస్తు పెట్టాడట. నా కాగితం చూసి ఆ దరఖాస్తు పక్కన పెట్టారు. చెట్టు పిట్టల వల్ల దానంతట అదే బోలు పడింది, కింద గది ప్రమాదం, తల్లీకొడుకులు ఖాళీ చేయాలి, కాదంటే ఆగస్టు నాలుగు, సోమవారం పదింటికి వచ్చి చెప్పుకోవాలి అని నోటీసు ఇచ్చారు. రజాక్ ఆ నోటీసు నాకు చూపించినప్పుడు అందులో నా పేరు లేదు, 'నిపుణుల అభిప్రాయం' అని మాత్రం ఉంది. ఆ నిపుణుడెవరో నేను చెప్పలేదు.

"గిది పిట్ట పని గాదు సార్. మగ్రిబ్ నమాజ్ అయినంక ఘుర్‌ఘుర్ అని మిషిన్ సప్పుడు ఇన్న. అమ్మీ కసమ్," అన్నాడు. నన్ను చెట్టు వెనక్కి తీసుకుపోయి మోకాలెత్తులో బంకమన్ను గీకి చూపించాడు. బొటనవేలు పట్టే రంధ్రం, నున్నగా, కిందికి వాలుగా. దాని పక్కన జానెడు దూరంలో ఇంకొకటి, మళ్లీ జానెడు దూరంలో ఇంకొకటి. మాను చుట్టూ అలా పద్నాలుగు. ఏ వడ్రంగిపిట్టా మోకాలెత్తులో, కొలిచినట్టు, వరసగా తొలవదు. తొలిచాక మన్నుతో మూయదు. ఫస్టియర్ పిల్లవాడు చెప్పగలిగిన సంగతి అది.  "చూద్దాం రజాక్," అని వచ్చేశాను.

ఇంటికి వచ్చి ఫిబ్రవరి ఫొటోలు తీశాను. ఆ నెలలో ఒక ఆదివారం రజాక్ తోటలో లేడు, వాళ్లమ్మను కంటి పరీక్షకు తీసుకెళ్లాడు. గేటు తాళం నా దగ్గర పెట్టి వెళ్లాడు. వేపకు ఇవతల పొద చాటున కదలకుండా కూర్చుని వేప మీది మగపిట్ట కోసం చూశాను. అవతల దగ్గేవాడు లేడు కనుక అది నన్ను ఏడిపించింది. ఒక ఫొటోలో ఫోకస్ తప్పి పిట్ట ఎర్రటి మచ్చలా మిగిలింది. అలాంటివి నేను వెంటనే చెరిపేస్తాను, ఎందుకో ఇది ఉండిపోయింది. ఇప్పుడు దాన్ని పెద్దది చేసి చూస్తే, పిట్ట మీద కుదరని ఫోకస్ వెనక నిద్రగన్నేరు మీద కుదిరింది. చెట్టు మొదట్లో ఒక మనిషి గొంతుక్కూర్చుని ఉన్నాడు. పక్కన డ్రిల్లింగ్ మిషన్, చేతిలో తెల్ల డబ్బా, గరాటు. ముందు సాయంత్రం తొలిచిన రంధ్రాల్లో యాసిడ్ పోస్తున్నట్టున్నాడు, అందుకే నాకు చప్పుడు వినబడలేదు. అటువైపు కూలిన గోడ సందులోంచి వచ్చి ఉంటాడు. ముఖం సగమే కనిపిస్తుంది. కానీ పిట్టను గుర్తుపట్టడం వచ్చినవాడికి మనిషిని గుర్తుపట్టడం ఎంత పని? కుడి చేతికి వెడల్పాటి స్టీలు కడియం, వంగినప్పుడు ఎడమ భుజం కాస్త కిందికి. కరోనాతో నీకు ఊపిరి అందని ఆ మే నెలలో, ఊరంతా తలుపులు మూసుకున్నప్పుడు, ఆక్సిజన్ సిలిండర్ మోసుకుంటూ మన మెట్లెక్కిన భుజం అది.

అవును, బాలరాజే.

అప్పటి నుంచి నాకు భయం.  గల్లీలో అతని బుల్లెట్ బండి చప్పుడు వినబడితే టీవీ ఆపేస్తున్నాను. కెమెరా కార్డు మొదట బియ్యం డబ్బాలో పెట్టాను, తర్వాత రామానుజుల పటం వెనక, ఆ తర్వాత నీ పట్టుచీర మడతలో. ఎక్కడ పెట్టినా, ఇంట్లోకి వచ్చినవాడు నేరుగా అక్కడికే పోతాడనిపిస్తుంది. ఫొటో కాపీ కూడా తీయలేదు. ప్రింటుకు ఇద్దామంటే మన గల్లీ స్టూడియోలో అందరూ అతని మనుషుల్లాగే కనిపిస్తున్నారు. నన్ను పిరికివాడని నువ్వు ఎన్నిసార్లు ఆటపట్టించలేదు? అప్పుడు ఉడుక్కునేవాణ్ణి. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

బోనాల తర్వాత మంగళవారం పొద్దున అతను వచ్చాడు. సంచిలో మామిడిపళ్లు. నీ కుర్చీలో కూర్చున్నాడు.

"సారూ, ఫిబ్రవరిల ఓ ఐతారం మీరు జహనుమాల ఫొటోలు తీసిన్రట గదా? గ్రూపుల తారీకు ఏసి పెట్టిన్రట, మావోడు చెప్పిండు," అన్నాడు నవ్వుతూ.

"ఏవో నాలుగు పిట్టలు," అన్నాను.

"ఓపారి చూపెట్టుండ్రి, నాక్గూడ పిట్టలంటే మస్తు ఇష్టమైతున్నది ఈ నడుమ."

కార్డు రిపేరుకు ఇచ్చానని చెప్పాను. కార్డును ఎవరైనా రిపేరుకు ఇస్తారా? అతను తల ఊపి, చుట్టూ ఇల్లంతా చూసి, "రానియ్యుండ్రి, వచ్చినంక చూస్త. ఐతారం మళ్లొస్త," అన్నాడు. చెప్పులు వేసుకుంటూ ఆగాడు. "అక్క గా హాస్టల్ల ఒక్కతే ఉంటదా సారూ? ఫికర్ జెయ్యకుండ్రి, మనోళ్లు ఆ దిక్కు గూడ ఉన్నరు. ఏమన్న అవసరం పడితే నాకు ఒక్క ఫోన్ కొట్టుండ్రి."

ఆ మాట బెదిరింపో, ప్రేమో నాకు ఇప్పటికీ తెలియదు. నీకు ఊపిరి తెచ్చి ఇచ్చినప్పుడు కూడా ఇదే గొంతుతో 'ఫికర్ జెయ్యకుండ్రి' అన్నాడు. రెండూ ఒకే మనిషి అని ఒప్పుకోవడం నాకు చేతకావడం లేదు. నేను మాత్ర మరిచిపోయింది ఆ రోజే.

ఇప్పుడు ఆ 'అందరం' సంగతి. నీకు చెప్పకుండా దాచింది ఇదే. పోయిన గురువారం సాయంత్రం గాలివాన వచ్చింది. నిద్రగన్నేరు ఎండిన కొమ్మ ఒకటి విరిగి రజాక్ గది మీద పడింది. రేకు చీలి షౌకత్ బీ మంచం మీదికి వచ్చింది. భుజం దగ్గర ఎముక విరిగింది, చేతికి కట్టు కట్టారు. ప్రాణానికి భయం లేదన్నారు. డెబ్బై నాలుగేళ్ల మనిషి గోదా. నోటీసు వచ్చినప్పుడే వెళ్లిపోయి ఉంటే దెబ్బ తగిలేది కాదు కదా అని నీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది, అలా అనిపించినందుకు సిగ్గుపడ్డాను. చేయని తప్పుకు ఇల్లు వదిలిపెట్టమంటే ఎవరు వదులుతారు?

మర్నాడు శుక్రవారం, నమాజు అయ్యాక రజాక్ మన ఇంటికి వచ్చాడు. ఎప్పుడూ మెట్ల మీదే నిలబడి పిలిచేవాడు, ఆ రోజు గడప దాకా వచ్చాడు. చొక్కా జేబులోంచి మడత కాగితం తీశాడు. ఆఫీసులో ఎవరో జాలిపడి జిరాక్స్ ఇచ్చారట.

"సార్, నాకు తెలుగు సదువుడు సరిగ రాదు. గీ సంతకం మీదేనా?" అన్నాడు.

కాగితం చేతిలోకి తీసుకున్నాను. నా రాతే. నా పేరులోని సున్నా నేను ఎప్పుడూ వేసేట్టు కాస్త పెద్దగానే ఉంది. తలెత్తి, "కళ్ళజోడు లేదు రజాక్, సరిగ్గా కనబడటం లేదు," అన్నాను.

కళ్ళజోడు నా ముక్కు మీదే ఉంది.

అతను దాన్ని చూశాడు. అతను చూడటం నేను గమనించడమూ చూశాడు.  కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. "ఠీక్ హై సార్," అన్నాడు. రెండు మెట్లు దిగాక ఆగి, "అమ్మీ అడుగుమన్నది. ఐతారం వస్తలేరు, సార్‌కు తబియత్ మంచిగుందా అని," అన్నాడు.  తలుపు వేసుకుని అక్కడే ఏడ్చాను. మా నాన్న పోయినప్పుడు కూడా నేను అంత ఏడవలేదు.

నా నేరం ఇదీ. తెలియక సంతకం పెట్టడం ఒక తప్పు, గొప్పకు పోయి చేసిన తప్పు. దాన్ని నువ్వు తిట్టి వదిలేస్తావు. కళ్ళజోడు పెట్టుకుని కళ్ళజోడు లేదనడం అలాంటిది కాదు. నాలుగేళ్లు నా కోసం చెట్టుకు అవతల నిలబడ్డ మనిషి మొహం మీద చెప్పిన అబద్ధం అది.

సోమవారం పదింటికి ఆఫీసుకు వెళతాను. ఆ కాగితంలో రాసింది తప్పనీ, చెట్టును చూడకుండా రాశాననీ, అవి మనిషి తొలిచిన రంధ్రాలనీ రాసి సంతకం పెట్టి ఇస్తాను. ఒక ఫొటో ఉందనీ, అది నా భార్య దగ్గర ఉందనీ చెబుతాను. ఆఫీసు వాళ్లు అడిగినప్పుడు తీసుకుని నువ్వు రావాలి.

అవును, నీ దగ్గరే. నీలం మాత్రల అట్ట ఒకటి ఈ ఉత్తరంతో పాటు కవరులో ఉంది కదా, దాని వెనక టేపు వేసి ఉంది చూడు. కార్డు అందులో ఉంది. నిన్ను అడగకుండా నీ నెత్తిన ఇంత భారం పెడుతున్నాను. అదీ, నీ ప్రాణం నిలబెట్టినవాడి మీద సాక్ష్యం. నువ్వు రానంటే నేను తప్పుపట్టను. అతనికి నువ్వు ఏమవుతావో, అతను నీకు ఏమవుతాడో తేల్చుకోవాల్సింది నువ్వే. కానీ కార్డు మాత్రం ఎవరికీ ఇవ్వకు. నేను ఫోన్ చేసి పంపించమన్నా ఇవ్వకు. ఈ మాట కింద రెండు గీతలు గీశాను చూడు.

ఎందుకంటే నన్ను నేను ఎరుగుదును. ఆదివారం బాలరాజ్ వస్తాడు, నీ కుర్చీలో కూర్చుంటాడు, నవ్వుతాడు, సిలిండర్ సంగతి ఎత్తడు కానీ అది మా ఇద్దరి మధ్యా ఉంటుంది. కార్డు ఇంట్లో ఉంటే నేను లేచి నీ పట్టుచీర మడత విప్పి అతని చేతిలో పెడతాను. పెట్టాక, దేవుడి దయవల్ల పీడ వదిలిందని ఊపిరి పీల్చుకుంటాను. అంతటివాణ్ణి నేను. ఇంట్లో లేకపోతే ఇవ్వలేను. అందుకే ఈ ఉత్తరం పోస్టులో వేయడానికి ఇప్పుడే వెళుతున్నాను. సాయంత్రం దాకా ఆగితే మనసు మారుతుంది.

పోస్టాఫీసు నుంచి తిన్నగా జహనుమా వెళతాను. సోమవారం దాకా ఆగకుండా ముందు రజాక్‌కు చెప్పాలి. ఆ సంతకం నాదే అని, కళ్ళజోడు ఆ రోజు కూడా ఉందని. గేటు తీస్తాడో లేదో తెలియదు. తీయకపోతే గేటు బయట నుంచే చెబుతాను.  ఆఫీసులో ఏమంటారు, బాలరాజ్ ఏం చేస్తాడు, ఈ గల్లీలో మనం మళ్లీ తలెత్తుకుని ఉండగలమా, ఏదీ తెలియదు. ధైర్యం వచ్చిందని నీకు అబద్ధం రాయను. రాలేదు.

కానీ ఒకటి అర్థమైంది. వడ్రంగిపిట్ట మనిషి లేని వైపుకే జారుకుంటుంది కదా. ఈ రెండు నెలలు నేనూ అదే చేశాను. బాలరాజ్ ఇటు నిలబడితే అటు, రజాక్ అటు వస్తే ఇటు. ఎవరూ లేని వైపు ఎటో వెతుక్కుంటూ మాను చుట్టూ తిరిగాను. ఇక ఆ వైపు ఖాళీగా ఉండకూడదు. నువ్వు అటు నిలబడు గోదా. దగ్గనక్కర్లేదు, ఉన్నావని తెలిస్తే చాలు. నేను ఇటు వస్తాను.

ఇట్లు,
కళ్ళజోడు పెట్టుకుని, చదువుకుని సంతకం చేస్తున్న
నీ భర్త,
రంగనాథ్.